విదేశంలో అద్దె కారు: ఏ నష్టం ఏ బీమా కిందికి వస్తుంది?

ఒడిశాలోని బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు తెలుగు కుటుంబాలకు విదేశీ ప్రయాణం కొత్త కాదు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులు, సెలవుల్లో యూరప్ చూసి రావాలనుకునే ఉద్యోగులు, గల్ఫ్‌లో పనిచేసే తమవారిని చూడబోయే బంధువులు అక్కడ కారు అద్దెకు తీసుకుని తామే నడుపుకుంటున్నారు. కారు తాళం చేతికి వచ్చే ముందు కౌంటర్‌లోని ఉద్యోగి సీడీడబ్ల్యూ, ఎల్‌డీడబ్ల్యూ, ఎస్‌ఎల్‌ఐ, పీఏఐ అంటూ నాలుగైదు పేర్లు చదివి, ఒక్కొక్కదానికి రోజుకు ఇంత అని చెప్పి, సంతకం ఎక్కడ చేయాలో చూపిస్తారు. ఊరు వదిలే ముందు తెలిసినవారిని అడిగితే ఒకరు "అవన్నీ దండగ, ఏదీ తీసుకోవద్దు" అంటారు, మరొకరు "అన్నీ తీసుకుంటే తలనొప్పి ఉండదు" అంటారు. ఇద్దరూ తమకు ఎదురైనదే చెబుతుంటారు. కాకపోతే ఒకరు కారు నడిపింది స్పెయిన్‌లో, మరొకరు నడిపింది టెక్సస్‌లో అయి ఉంటుంది. ఒకరు అక్కడే స్థిరపడినవారు, మరొకరు పదిహేను రోజులకు వెళ్లి వచ్చినవారు అయి ఉంటారు. ఏ దేశం, ఎవరి పేరు మీద కారు, ఆ మనిషి ఎక్కడి నివాసి అన్న మూడు సంగతులను బట్టి సరైన జవాబు పూర్తిగా మారిపోతుంది.

విడదీసి చూడవలసిన మూడు నష్టాలు

కారు నడిపేవారికి రాగల ఆర్థిక నష్టం మూడు రకాలు. మొదటిది, అద్దెకు తీసుకున్న కారుకే జరిగే నష్టం: గీత పడటం, సొట్ట పడటం, అద్దం పగలడం, దొంగలు ఎత్తుకుపోవడం, కారు బాగుచేయడానికి వీల్లేకుండా పోవడం. ఎంత పెద్ద ప్రమాదమైనా ఈ నష్టం ఆ కారు ధరకు అటూ ఇటూగా ఆగిపోతుంది. రెండవది, మన వల్ల ఇతరులకు జరిగే నష్టం: ఎదుటి కారు, ఒకరి ప్రహరీ గోడ, రోడ్డు దాటుతున్న మనిషి కాలు, ఒక్కొక్కప్పుడు ప్రాణం. దీనికి సహజమైన హద్దు అంటూ లేదు. మూడవది, మన ఒంటికీ మన కారులో ఉన్నవారికీ తగిలే గాయాలు.

కౌంటర్ దగ్గర ఎక్కువ సేపు మాట నడిచేది మొదటిదాని మీదే. అద్దె కంపెనీకి తన కారు ముఖ్యం, తీసుకునేవారి కళ్లకు కనిపించేదీ ఆ కారే. ఈ క్రమం తలకిందులుగా ఉందని నా అభిప్రాయం. ఒక కుటుంబం జీవితకాలపు పొదుపును ఊడ్చుకుపోగలిగేది రెండవ రకం నష్టం. కాబట్టి కవర్ గురించిన ఆలోచన అక్కడ మొదలై, ఆ తర్వాతే సొట్టల దగ్గరికీ గీతల దగ్గరికీ రావాలి.

మన దేశపు అలవాటు ఎందుకు దారి తప్పిస్తుంది

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం మన దేశంలో థర్డ్ పార్టీ బీమా లేకుండా బండి రోడ్డు ఎక్కకూడదు. ఎదుటి మనిషి మరణించినా, గాయపడినా ఆ పాలసీ కింద చెల్లించే పరిహారానికి గరిష్ఠ పరిమితి లేదు. మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్ ఎంత నిర్ణయిస్తే అంత మొత్తానికీ బీమా ఉంటుంది. ఎదుటివారి ఆస్తికి జరిగే నష్టానికి మాత్రం ప్రైవేటు కారు విషయంలో సాధారణంగా 7.5 లక్షల రూపాయల హద్దు ఉంది. ఇక సొంత కారు రిపేరులో యజమాని తప్పనిసరిగా పెట్టుకోవలసిన వాటా 1500 సీసీ వరకు 1,000 రూపాయలు, అంతకు మించిన ఇంజిన్‌కు 2,000 రూపాయలు. తరుగుదల కింద కోసుకునేది దీనికి అదనం.

ఇన్నేళ్లుగా ఈ పద్ధతికి అలవాటు పడినందువల్ల మన మనసులో రెండు నమ్మకాలు నాటుకుపోయాయి. ఎదుటివారి సంగతి థర్డ్ పార్టీ చూసుకుంటుందన్నది ఒకటి, సొంత కారుకు మనం పెట్టేది స్వల్పమన్నది రెండవది. విదేశంలో, ముఖ్యంగా అమెరికాలో, ఈ రెండూ తారుమారు కావచ్చు. అక్కడ ఇతరుల నష్టానికి ఉండే కవర్ చాలా తక్కువ మొత్తానికే పరిమితమై ఉండవచ్చు, కారు రిపేరులో మన వాటా లక్షల రూపాయల్లోకి వెళ్లవచ్చు.

మన ఇంటి కారు పాలసీ కూడా అక్కడ పనికిరాదు. ఆ పాలసీ ఆ ఒక్క వాహనానికి, భారతదేశం వరకే చెల్లుతుంది. అదనపు ప్రీమియం కడితే నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక, మాల్దీవులకు విస్తరించుకునే వీలుంది కానీ, అదీ అదే కారుకు.

సీడీడబ్ల్యూ, ఎల్‌డీడబ్ల్యూ, ఎక్సెస్

సీడీడబ్ల్యూ అంటే కొలిజన్ డ్యామేజ్ వేవర్. కారు దెబ్బతింటే ఆ ఖర్చును మీ నుంచి పూర్తిగానో, కొంత మేరకో వసూలు చేయబోమని అద్దె కంపెనీ ఇచ్చే ఒప్పందం ఇది. దీనికి దొంగతనాన్నీ ఇతర నష్టాలనూ కలిపితే అమెరికాలో దాన్ని ఎల్‌డీడబ్ల్యూ అంటారు. మాఫీ ఎంతవరకు, ఏ షరతుల మీద అన్నది ఒప్పందం రాసిన కంపెనీ ఇష్టం కాబట్టి, ఒకే పేరుతో రెండు కంపెనీలు ఇచ్చే రక్షణ ఒకేలా ఉండదు.

యూరప్‌లో చాలా చోట్ల అద్దెలోనే సీడీడబ్ల్యూ కలిసి ఉంటుంది, కానీ ఎక్సెస్‌తో. ఎక్సెస్ అంటే నష్టంలో మొదటి భాగంగా మనం భరించవలసిన మొత్తం. ఎక్సెస్ 1,500 యూరోలని ఒప్పందంలో ఉంటే, 900 యూరోల సొట్టకు 900 మనవే. 12,000 యూరోల నష్టానికి 1,500 మనవి, మిగిలినది కంపెనీది. ఈ మొత్తాన్ని కంపెనీలు ముందుగానే క్రెడిట్ కార్డు మీద బ్లాక్ చేసి ఉంచుతాయి. రెండు లక్షల పరిమితి ఉన్న కార్డుతో వెళ్లినవారికి అందులో లక్షన్నర కారు తిరిగి ఇచ్చేవరకూ అందుబాటులో ఉండదు. కార్డు కారు నడిపే ప్రధాన డ్రైవర్ పేరు మీదే ఉండాలని, డెబిట్ కార్డు చెల్లదని చెప్పే కంపెనీలు ఎన్నో ఉన్నాయి.

ఈ ఎక్సెస్‌ను సున్నా చేసుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి, కౌంటర్‌లోనే రోజువారీ రుసుము కట్టి సూపర్ కవర్ తీసుకోవడం. రెండవది, వేరే బీమా సంస్థ దగ్గర విడిగా ఎక్సెస్ పాలసీ కొనుక్కోవడం. రెండవ పద్ధతిలో అద్దె కంపెనీ ముందు మన కార్డు నుంచి డబ్బు తీసుకుంటుంది, ఆ తర్వాత మనం పత్రాలు పంపి ఆ బీమా సంస్థ నుంచి తిరిగి రాబట్టుకోవాలి. బుకింగ్ సైట్లు అమ్మే "ఫుల్ కవర్" చాలావరకు ఈ రెండవ కోవలోదే. "మేము ఫుల్ కవర్ కొన్నాం" అని కస్టమర్ అంటే, "అది ఇక్కడ చెల్లదు" అని కౌంటర్ ఉద్యోగి అనడం, ఇద్దరూ ఎదుటివారు అబద్ధం చెబుతున్నారనుకోవడం తరచుగా జరిగేది ఇందుకే. అద్దె కంపెనీకీ ఆ పాలసీకీ సంబంధం లేదన్నది నిజం, పాలసీ చెల్లుతుందన్నదీ నిజం.

లెక్క వేసి చూద్దాం. ఇటలీలో పది రోజులకు కారు తీసుకున్నారని, ఎక్సెస్ 1,500 యూరోలని, కౌంటర్‌లో సున్నా ఎక్సెస్‌కు రోజుకు 25 యూరోలని, విడి పాలసీ మొత్తం ప్రయాణానికి 60 యూరోలని, లెక్క సులువుగా ఉండటానికి యూరో 100 రూపాయలని అనుకుందాం. ఏ ప్రమాదమూ జరగకపోతే కౌంటర్ కవర్‌కు 25,000 రూపాయలు, విడి పాలసీకి 6,000 రూపాయలు ఖర్చు. తలుపు సొట్టపోయి 900 యూరోల రిపేరు, 60 యూరోల పరిపాలన రుసుము పడితే, ఏమీ తీసుకోనివారికి 96,000 రూపాయలు పోతాయి. కౌంటర్ కవర్ ఉన్నవారు కట్టిన 25,000తోనే బయటపడతారు. విడి పాలసీ ఉన్నవారు ముందు 96,000 కట్టి, పరిపాలన రుసుముకూ ఆ పాలసీ వర్తిస్తే అంతా తిరిగి పొంది, చివరికి 6,000 దగ్గర ఆగుతారు. ఈ మధ్య కాలంలో కార్డు బిల్లు మాత్రం వారిదే.

అందుకే ఇక్కడ ఒకటే మంచిదని తేల్చి చెప్పడం కష్టం. కార్డు పరిమితి తగినంతగా ఉండి, పత్రాలు సేకరించే ఓపిక ఉన్నవారికి విడి పాలసీ చౌక. పరిమితి తక్కువైనవారికి, భాష రాని చోట వాదించే శక్తి లేని పెద్దవారికి కౌంటర్ కవర్ ఖరీదైనా నెమ్మది. కానీ విడి పాలసీ కొనేముందు నివాస నిబంధన చూడవలసిందే. బ్రిటన్, యూరప్ సంస్థలు అమ్మే ఎక్సెస్ పాలసీల్లో అనేకం అక్కడి నివాసులకే చెల్లుతాయి. ఒడిశా చిరునామా ఉన్నవారు ప్రీమియం కట్టినా క్లెయిమ్ రాకపోవచ్చు. మన దేశపు సంస్థల విదేశీ ప్రయాణ పాలసీల్లో కొన్నింటిలో అద్దె కారు ఎక్సెస్‌కు కొంత మొత్తం ఉంటుంది, ఎంతన్నది షెడ్యూలులో రాసి ఉంటుంది. ఏదైనా సరే ఎక్సెస్ పాలసీ సీడీడబ్ల్యూ మీద నిలబడేది మాత్రమే. అసలు సీడీడబ్ల్యూ లేని ఒప్పందంలో 12,000 యూరోల నష్టం వస్తే, 1,500 ఇచ్చే పాలసీ మిగిలిన 10,500ను ఆదుకోదు.

టైర్లు, అద్దాలు, కారు అడుగుభాగం, పైకప్పు, పోయిన తాళం, పెట్రోలు కారులో డీజిల్ పోయడం: మామూలు సీడీడబ్ల్యూ సాధారణంగా వదిలేసేవి ఇవే. ఐస్‌లాండ్‌లో కంకర రోడ్ల దెబ్బలకూ, ఇసుక, అగ్నిపర్వత బూడిద ఎగిరి రంగు పోవడానికీ వేర్వేరు కవర్లు అమ్ముతారు. అక్కడి నేల, గాలి తెలియనివారికి ఇది అనవసరపు కొసరులా అనిపిస్తుంది కానీ, ఆ దేశంలో ఆ నష్టాలు నిజంగానే జరుగుతాయి.

అమెరికాలో అసలు చిక్కు: ఇతరుల నష్టం

అమెరికాలో లయబిలిటీ బీమా, అంటే మన వల్ల ఇతరులకు జరిగే నష్టానికి ఉండే బీమా, కనీస మొత్తాన్ని ఒక్కొక్క రాష్ట్రం ఒక్కొక్కలా నిర్ణయిస్తుంది. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి ఆ కనీసం గాయపడిన ఒక్కొక్కరికి 30,000 డాలర్లు, ఒక ప్రమాదం మొత్తానికి 60,000, ఆస్తి నష్టానికి 15,000. అంతకు ముందు వరకు ఇవి 15,000, 30,000, 5,000గానే ఉండేవి. అద్దె కంపెనీ అదనపు రుసుము లేకుండా ఇచ్చేది చాలా చోట్ల రాష్ట్ర కనీసం వరకే. కొన్ని ఒప్పందాల్లో అది కూడా నడిపేవారి సొంత పాలసీ తర్వాతే. 2005లో వచ్చిన గ్రేవ్స్ సవరణ అనే సమాఖ్య చట్టం ప్రకారం, తన తప్పు లేనప్పుడు, కారు యజమాని అయినంత మాత్రాన అద్దె కంపెనీని బాధ్యురాలిగా చేయడానికి వీల్లేదు. అంటే బాధితులు చూసేది నడిపిన మనిషి వైపే.

ఒక ఊహాత్మక ప్రమాదం తీసుకుందాం. పొరపాటు మనదే. ఎదుటి కారుకు 24,000 డాలర్ల నష్టం, అందులోని ఒకరి గాయాలకు పరిహారం 1,10,000 డాలర్లు. మొత్తం 1,34,000. కాలిఫోర్నియా కనీస కవర్ ఒక్కటే ఉంటే గాయాలకు 30,000, కారుకు 15,000 కలిపి 45,000 చెల్లుతుంది. మిగిలిన 89,000 డాలర్లు, డాలర్ 90 రూపాయల చొప్పున 80 లక్షల 10 వేల రూపాయలు, నడిపినవారి మీద పడుతుంది. వారు రోజుకు పాతిక డాలర్లు పెట్టి ఎల్‌డీడబ్ల్యూ తీసుకుని ఉంటే అద్దె కారు రిపేరు పూర్తిగా మాఫీ అవుతుంది. ఈ 80 లక్షల మీద మాత్రం దాని ప్రభావం ఒక్క రూపాయి కూడా ఉండదు. ఈ ఖాళీని పూడ్చేది ఎస్‌ఎల్‌ఐ, అంటే సప్లిమెంటల్ లయబిలిటీ ఇన్సూరెన్స్. దాని పరిమితి తరచుగా 10 లక్షల డాలర్ల వరకు ఉంటుంది, కొన్ని చోట్ల అంతకంటే తక్కువ.

మన ప్రయాణ బీమాలో "పర్సనల్ లయబిలిటీ" అనే అంశం చూసి ఇది ఉంది కదా అనుకునేవారున్నారు. మోటారు వాహనం నడపడం వల్ల వచ్చే బాధ్యతను అటువంటి అంశాలు సాధారణంగా మినహాయిస్తాయి. అది హోటల్‌లో ఖరీదైన వస్తువు పగలగొట్టడం వంటి సందర్భాల కోసం ఉద్దేశించినది.

"మా అబ్బాయి పాలసీ ఉంది కదా"

అమెరికాలో స్థిరపడినవారు కౌంటర్‌లో ఏదీ తీసుకోకపోవడానికి కారణం ఉంది. వారి సొంత కారు పాలసీ అమెరికా, కెనడాల్లో వారు అద్దెకు తీసుకునే కారుకూ సాధారణంగా విస్తరిస్తుంది. వారి క్రెడిట్ కార్డుల్లో కొన్ని, అద్దె మొత్తం ఆ కార్డుతోనే కట్టి, కంపెనీ సీడీడబ్ల్యూను వద్దనుకుంటే, కారుకు జరిగే నష్టాన్ని భరిస్తాయి. అయినా ఆ కార్డులేవీ ఇతరులకు జరిగే నష్టాన్ని ముట్టుకోవు. ఇటలీ, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వంటి దేశాలను మినహాయించే కార్డులూ ఉన్నాయి. కారు రిపేరులో ఉన్న రోజులకు కంపెనీ కోల్పోయిన అద్దెను కూడా అక్కడ వసూలు చేస్తారు; సొంత పాలసీలు దాన్ని ఇవ్వకపోవచ్చు.

బరంపురం నుంచి వెళ్లిన తండ్రి తన పేరు మీద కారు తీసుకుంటే కుమారుడి పాలసీ ఆయనకు నీడ ఇస్తుందని అనుకోవడానికి ఆధారం లేదు. కుమారుడే కారు తీసుకుని తండ్రిని అదనపు డ్రైవర్‌గా రాయిస్తే పరిస్థితి కొంత మెరుగు, కానీ ఆ పాలసీ పత్రంలో ఏముందో చూసి తప్ప దాన్ని నిర్ధారించలేం. అంతకంటే ఉపయోగపడే సంగతి ఒకటుంది. అమెరికాలో వాడే కారును బుక్ చేసేటప్పుడు నివాస దేశం ఏదని సైటు అడుగుతుంది. విదేశీ నివాసులకు చూపే ధరల్లో ఎల్‌డీడబ్ల్యూనూ, అదనపు లయబిలిటీనీ కలిపి ఇచ్చే కంపెనీలు ఉన్నాయి. అమెరికాలోని అబ్బాయి తన సైటులో, తన దేశం పెట్టి బుక్ చేస్తే ధర తక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే అందులో అవి ఉండవు. ఒకే కారుకు రెండు ధరలు ఎందుకున్నాయో అర్థంకాక చౌకైనదాన్ని ఎంచుకున్న కుటుంబం, ఆ తర్వాత కౌంటర్‌లో అవే కవర్లు విడివిడిగా కొంటే మొత్తం మీద ఎక్కువే చెల్లించవచ్చు. అలాగని నివాస దేశాన్ని తప్పుగా చూపి చౌక కవర్ పొందితే, క్లెయిమ్ రోజున అదే అడ్డం తిరుగుతుంది.

మిగిలిన దేశాల్లో

యూరోపియన్ యూనియన్ దేశాల్లో థర్డ్ పార్టీ తప్పనిసరి, అది అద్దెలోనే కలిసి వస్తుంది. 2021 నాటి ఆదేశం ప్రకారం కనీస పరిమితులు ఆస్తి నష్టానికి ప్రమాదానికి 13 లక్షల యూరోలు, గాయాలకు ఒక్కొక్కరికి 13 లక్షలు లేదా ప్రమాదానికి 64.5 లక్షల యూరోలు. బ్రిటన్‌లో ఇతరుల గాయాలకు మన దేశంలో లాగే పరిమితి లేదు. కాబట్టి అక్కడ ఆలోచన అంతా ఎక్సెస్ చుట్టూనే తిరగడం న్యాయమే. "ఏదీ తీసుకోవద్దు" అన్న మాట యూరప్ నుంచి వచ్చినవారి నోట తరచుగా వినిపించడానికి ఇదే కారణమని తోస్తుంది.

న్యూజిలాండ్ పద్ధతి వేరు. 1974 నుంచి నడుస్తున్న ప్రభుత్వ ప్రమాద పరిహార పథకం తప్పెవరిదన్నది చూడకుండా గాయాల ఖర్చు భరిస్తుంది, సందర్శకులకూ వర్తిస్తుంది. గాయాల పరిహారం కోసం డ్రైవర్ మీద దావా వేసే వీలు ఉండదు. అందుచేత అక్కడ మిగిలేది ఆస్తి నష్టం, కారు నష్టం. ఆస్ట్రేలియాలో వాహన రిజిస్ట్రేషన్‌తో ముడిపడిన తప్పనిసరి బీమా మనుషుల గాయాలకే. ఎదుటి కారు నష్టం అద్దె ఒప్పందంలోని కవర్ మీద ఆధారపడి ఉంటుంది. ఆ కవర్‌కు వేల డాలర్ల ఎక్సెస్ ఉండటం మామూలు, తారు వేయని రోడ్డు మీద జరిగినదానికి అది చెల్లకపోవడమూ మామూలే. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో చిన్న గీతకైనా పోలీసు రిపోర్టు ఉండాలి. అది లేకపోతే ఎంత పెద్ద కవర్ ఉన్నా రిపేరు ఖర్చు అద్దెకు తీసుకున్నవారిదే.

మన ఒంటికి తగిలే గాయాల కోసం కౌంటర్‌లో పీఏఐ అమ్ముతారు. వైద్య ఖర్చుకు తగినంత ప్రయాణ బీమా ఉన్నవారికి ఇది చాలావరకు ఉన్నదాని మీద మరొకటి. తల్లిదండ్రుల వయసు ఎక్కువైనప్పుడు ఆ ప్రయాణ బీమా మొత్తం ఎంతన్నదే ముఖ్యం.

కవర్ ఉండీ చెల్లకుండా పోయే సందర్భాలు

ఒప్పందంలో పేరు లేని మనిషి కారు నడిపితే కట్టిన కవర్లు రద్దయినట్టే. మన ఇళ్లలో అలసిపోయిన కుమారుడి నుంచి తండ్రో, అల్లుడో స్టీరింగ్ అందుకోవడం సహజం కనుక ఈ షరతు మనవారిని ఎక్కువగా దెబ్బతీస్తుంది. లైసెన్సు సంగతీ అంతే. 1949 జెనీవా ఒప్పందం కింద మన ఆర్టీవో కార్యాలయాలు ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ గరిష్ఠంగా ఏడాది చెల్లుతుంది, అసలు లైసెన్సు పక్కన ఉంటేనే దానికి విలువ. పర్మిట్ అడిగే దేశంలో అది లేకుండా నడిపి ప్రమాదం చేస్తే బీమా సంస్థ తిరస్కరించడానికి అదొక్కటే చాలు. మద్యం తాగి నడపడం గురించి వేరే చెప్పనక్కరలేదు.

సరిహద్దు కూడా ఇటువంటిదే. బరంపురం నుంచి ఇచ్ఛాపురం మీదుగా ఆంధ్రలోకి వెళ్లేటప్పుడు బీమా గురించి మనకు తలంపే రాదు, ఎందుకంటే రాష్ట్రం మారినా పాలసీ మారదు. యూరప్‌లో జర్మనీ నుంచి పోలండ్‌కు వెళ్లే దారిలోనూ గేటు కనిపించకపోవచ్చు కానీ, అద్దె ఒప్పందంలో ఆ దేశానికి అనుమతి లేకపోయినా, కొన్ని ఖరీదైన మోడళ్లను అక్కడికి తీసుకెళ్లరాదని ఉన్నా, గీత దాటిన క్షణం నుంచి కవర్ ఉండదు. అనుమతికి విడి రుసుము ఉండవచ్చు, దాన్ని కారు తీసుకునేటప్పుడే రాయించుకోవాలి.

క్లెయిమ్ విషయానికి వస్తే, రిపేరు బిల్లు కారు తిరిగి ఇచ్చిన కొన్ని వారాల తర్వాత, మనం ఇంటికి చేరుకున్నాక కార్డు మీద కనిపించవచ్చు. అప్పుడు విడి పాలసీ ఉన్నవారిని బీమా సంస్థ అడిగేవి అద్దె ఒప్పందం, కారు తీసుకున్నప్పటి, ఇచ్చినప్పటి స్థితి నమోదు పత్రాలు, నష్టం వివరాలతో కంపెనీ ఇచ్చిన బిల్లు, డబ్బు పోయినట్టు కార్డు స్టేట్‌మెంటు, ప్రమాదమైతే పోలీసు రిపోర్టు. వీటిలో స్థితి నమోదు పత్రాన్ని, పోలీసు రిపోర్టును ఇక్కడి నుంచి సంపాదించడం చాలా కష్టం. కారు నాలుగు వైపులా, చక్రాలు, పైకప్పు, ఇంధనం ముల్లు కనిపించేలా తేదీతో తీసిన ఫోటోలు ఉన్నవారికి, పాత గీతను కొత్తదిగా లెక్కకట్టిన బిల్లును కాదనడానికి ఆధారం ఉంటుంది.